కుక్కకు ఎత్తు గిన్నె: తరచుగా అడిగే ప్రశ్నలు

తార్నాకలో మేముండే అపార్ట్‌మెంట్లలో కుక్కలున్న ఇళ్లు పదికి తక్కువ లేవు. సాయంత్రం నడకకు దిగినప్పుడు ఎవరో ఒకరు ఎత్తు గిన్నెల సంగతి, అంటే కుక్క అంతగా వంగకుండా తినేలా స్టాండు మీద అమర్చే గిన్నెల సంగతి, ఎత్తుతూనే ఉంటారు. అడిగేవారు మారుతున్నారు గానీ సందేహాలు మాత్రం మారడం లేదు. ఇన్నేళ్లు కుక్కలను సాకిన అనుభవంతోనూ, పశువైద్యులను అడిగి తెలుసుకున్న విషయాలతోనూ ఆ సందేహాలకు ఇక్కడ జవాబులు రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు. మీ కుక్కకు ఏదైనా జబ్బు ఉంటే మాత్రం గిన్నె ఎత్తు ఎంత ఉండాలో దాన్ని చూస్తున్న డాక్టరుతోనే తేల్చుకోవాలి.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఎత్తు గిన్నె అంటే ప్రత్యేకంగా కొనాల్సిందేనా? పీట వేసి దాని మీద గిన్నె పెడితే సరిపోదా?

సరిపోతుంది. గిన్నె అంచు నేలకన్నా పైకి లేచి, తినేటప్పుడు కదలకుండా ఉంటే చాలు. పీట మీద నున్నటి స్టీలు గిన్నె పెడితే కుక్క నాలుకతో నెట్టిన కొద్దీ అది జరిగి కిందపడుతుంది కనుక, మన అమ్మమ్మలు కుండ కింద పెట్టిన చుట్టకుదురులాంటిది ఒకటి గిన్నె అడుగున ఉండాలి. దుకాణాల్లో అమ్మే స్టాండు చేసే పని కూడా అంతకన్నా ఎక్కువ కాదు.

మా కుక్క ఆరోగ్యంగానే ఉంది. అయినా కొనాలా?

అవసరం లేదు. నేల మీది ఆహారాన్ని తల వంచి తినడానికి అనువుగానే కుక్క శరీరం ఏర్పడింది. ఆహారం నోటి నుంచి కడుపులోకి జారేది బరువు వల్ల కాదు. అన్నవాహిక గోడల్లోని కండరాలు అలలు అలలుగా ముడుచుకుంటూ దాన్ని నెడతాయి, కాబట్టి తల కడుపుకన్నా కిందుగా ఉన్నా ముద్ద లోపలికే వెళుతుంది. వంగి తినడం చూసి మనకు జాలి కలగడానికి కారణం మనం మనుషులం కావడమే. కుక్కకు అందులో కష్టమేమీ లేదు. మెడ, కీళ్లు, అన్నవాహిక బాగున్న కుక్కకు ఎత్తు గిన్నె వల్ల ప్రత్యేకంగా ఒరిగే మేలు కనిపించదు.

ఎత్తు గిన్నెలో తింటే కడుపు ఉబ్బదని డబ్బా మీద రాశారు. నిజమేనా?

నమ్మదగిన మాట కాదు. పరిశోధన చెప్పినది ఇందుకు దాదాపు వ్యతిరేకం.

పెద్ద జాతి కుక్కల్లో కడుపు గాలితో ఉబ్బి, తన చుట్టూ తాను మెలిపడే ప్రాణాంతకమైన స్థితి ఒకటి ఉంది. వైద్యులు దాన్ని జీడీవీ అనీ, మామూలు వాడుకలో బ్లోట్ అనీ అంటారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 11 పెద్ద, అతి పెద్ద జాతులకు చెందిన 1,600కు పైగా కుక్కలను గమనిస్తూ వచ్చి 2000వ సంవత్సరంలో ఫలితాలు ప్రచురించారు. వయసు పెరగడం, తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఆ జబ్బు వచ్చి ఉండటం, ఆత్రంగా తినడం అనే కారణాలతో పాటు ఎత్తు గిన్నెలో తినడం కూడా ముప్పును పెంచే అంశంగా ఆ అధ్యయనంలో తేలింది. పెద్ద జాతుల్లో వచ్చిన జీడీవీ కేసుల్లో సుమారు 20 శాతానికి, అతి పెద్ద జాతుల్లో సుమారు 52 శాతానికి ఎత్తు గిన్నెతో సంబంధం ఉందని వారు లెక్కగట్టారు.

అయితే ఇది కలిసి కనిపించిన సంబంధమే గానీ, ఎత్తు గిన్నెయే కడుపును మెలిపెట్టిందనడానికి రుజువు కాదు. ఆ జబ్బు వస్తుందన్న భయంతోనే కొందరు యజమానులు ముందుగా ఎత్తు గిన్నె పెట్టి ఉండవచ్చు. ఆ వాదన ఎటు తేలినా, ఎత్తు గిన్నె జీడీవీని ఆపుతుందని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. డబ్బా మీద ఆ వాక్యం అచ్చువేసిన స్టాండును నేనైతే కొనను. ఒక్క విషయంలో అంత ధీమాగా తప్పు చెప్పినవారు స్టీలు నాణ్యత గురించి నిజమే చెబుతారని ఎలా నమ్మడం?

ఈ కడుపు మెలిపడే జబ్బు ఏ జాతులకు ఎక్కువ?

ఛాతీ లోతుగా, సన్నగా ఉండే పెద్ద కుక్కలకు ఎక్కువ. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, వైమరానర్, ఐరిష్ సెట్టర్, స్టాండర్డ్ పూడిల్ జాతుల పేర్లు తరచుగా వినిపిస్తాయి. జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ జాతుల్లోనూ ఈ జబ్బు కనిపిస్తుంది. మన దేశపు రాజపాళయం, ముధోల్ (కారవాన్) జాతులవి కూడా లోతైన ఛాతీలే కనుక, ఆ శరీరాకృతిని బట్టి వాటి విషయంలోనూ అదే జాగ్రత్త పాటించడం మంచిది. ఇలాంటి కుక్కకు వైద్యపరమైన కారణం ఏదీ లేకుండా ఎత్తు గిన్నె పెట్టకుండా ఉండటమే క్షేమం. రోజు మొత్తం తిండిని ఒకేసారి పెట్టకుండా రెండు మూడు పూటలుగా విడదీయాలి.

కడుపు మెలిపడిందని ఎలా గుర్తుపట్టాలి? అర్ధరాత్రి అయితే ఏం చేయాలి?

కుక్క పదే పదే వాంతికి ప్రయత్నిస్తుంది గానీ కాస్త నురుగు తప్ప ఏమీ బయటికి రాదు. అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఇదే. దానితో పాటు పొట్ట బిగుసుకుని ఉబ్బడం, ఒకచోట పడుకోలేక లేస్తూ తిరగడం, చొంగ కారడం, పొట్ట వైపు తిరిగి చూసుకోవడం, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తాయి. గంటల వ్యవధిలోనే ప్రాణం మీదికి వచ్చే స్థితి ఇది. వాము నీళ్లు, సోడా, అరుగుదల పొడులు తాగించి తెల్లవారేదాకా చూద్దామనుకుంటే కుక్క దక్కదు. శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లాలి.

హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి చాలామందికి తెలుసు. రాత్రివేళ మాత్రం మీ పేటకు దగ్గరలో 24 గంటలూ తెరిచి ఉండే ప్రైవేటు క్లినిక్ ఎక్కడుందో, అక్కడ రాత్రి కూడా సర్జన్ దొరుకుతారో లేదో ముందుగానే ఫోన్ చేసి కనుక్కుని, ఆ నంబరును ఫ్రిజ్ తలుపు మీద అతికించుకోవాలి. కుక్క పొట్ట ఉబ్బిన రాత్రి వెతుక్కోవలసిన నంబరు కాదది.

మరి ఎత్తు గిన్నె నిజంగా ఎవరికి పనికొస్తుంది?

వంగడమే బాధగా మారిన కుక్కలకు పనికొస్తుంది. మోచేతి, భుజపు కీళ్లు అరిగిన ముసలి కుక్కలు, మెడలోని డిస్కు జారినవి, డాబర్‌మన్, గ్రేట్ డేన్ జాతుల్లో కనిపించే వాబ్లర్ అనే మెడ వెన్నెముక జబ్బు ఉన్నవి, ముందుకాలు ఒకటి కోల్పోయినవి ఇందులోకి వస్తాయి. ఆపరేషన్ తరువాత మెడకు ప్లాస్టిక్ గరాటు తొడిగిన కుక్కకు కూడా కొద్దిరోజుల పాటు ఎత్తు గిన్నె ఎంతో సుఖం. నేల మీది గిన్నెకు గరాటు అంచు తగిలి అది ఆకలితోనే వెనుదిరుగుతుంది. గరాటు లోపల ఇమిడేంత చిన్న గిన్నెను కాస్త ఎత్తులో పెడితే ఏ ఇబ్బందీ లేకుండా తింటుంది.

కుక్కపిల్లకు ఇప్పటి నుంచే అలవాటు చేస్తే మంచిదా?

వద్దు. నెలనెలా ఎత్తు పెరిగే పిల్లకు ఏ స్టాండూ సరిపోదు. దానికి నేలే మేలు.

## కొలతలు తీసుకునేటప్పుడు

ఎత్తు ఎలా కొలవాలి?

కుక్కను గచ్చు మీద నిటారుగా, తల మామూలుగా ఉండేలా నిలబెట్టాలి. ఒకరు బిస్కెట్ చూపిస్తూ నిలిపి ఉంచితే మరొకరు కొలవడం తేలిక. రెండు కొలతలు కావాలి. మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట, రెండు భుజపుటెముకలూ దగ్గరకు వచ్చే మిట్ట వరకు నేల నుంచి ఉన్న ఎత్తు మొదటిది. నేల నుంచి ముందుకాలి మోచేయి వరకు ఉన్న ఎత్తు రెండోది. దర్జీల టేపు వంగిపోతుంది కనుక కుక్క పక్కన పొడవాటి స్కేలు గానీ, గోడకు ఆనించిన కర్ర గానీ నిలబెట్టి గుర్తు పెట్టుకోవడం నయం.

మొదటి కొలతలోంచి 15 సెంటీమీటర్లు తీసేస్తే గిన్నె అంచు ఎత్తు వస్తుందని చాలా దుకాణాల్లో చెబుతారు. నా ఉద్దేశంలో అది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఉదాహరణకు మగ ల్యాబ్రడార్ భుజం ఎత్తు సుమారు 57 సెంటీమీటర్లు అనుకుంటే ఈ లెక్క ప్రకారం 42 సెంటీమీటర్లు వస్తుంది. అది దాదాపు మన డైనింగ్ కుర్చీలో కూర్చునే పలక ఎత్తు. అంత ఎత్తులో పెట్టినప్పుడు మా ల్యాబ్ ముట్టె పైకెత్తి తినవలసి వచ్చింది. మోచేయి ఎత్తుకు, అంటే 28 సెంటీమీటర్లకు దించాక మెడ కొద్దిగా వంచి ప్రశాంతంగా తిన్నది. అందుకే మోచేయి ఎత్తుతో మొదలుపెట్టి, కుక్క నిలబడే తీరు చూసి రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ సవరించమని అడిగినవారందరికీ చెబుతాను.

ఎత్తు మరీ ఎక్కువైతే ఏమవుతుంది?

కుక్క తల పైకెత్తి మింగుతుంది. ఆహారంతో పాటు గాలి కూడా లోపలికి వెళుతుంది. నీళ్లు తాగేటప్పుడు పొలమారి దగ్గుతుంది. గిన్నె మధ్యకు నోరు అందక అంచున ఉన్నంతవరకే తిని వదిలేయడం, ముందుకాళ్ల వేళ్ల మీద లేవడం, గడ్డం కింద బొచ్చు రాలడం కూడా ఎత్తు ఎక్కువైందనడానికి గుర్తులే. తినేటప్పుడు మెడ నేలకు సమాంతరంగా గానీ, అంతకన్నా కాస్త దిగువకు గానీ ఉండాలి. ముక్కు ఆకాశం వైపు చూడకూడదు.

పెట్టె మీద రాసిన ఎత్తు స్టాండుదా, గిన్నెదా?

ఒక్కో తయారీదారు ఒక్కో విధంగా రాస్తారు. మనకు కావలసింది నేల నుంచి గిన్నె పై అంచు వరకు ఉన్న ఎత్తు. దుకాణంలోనే టేపుతో కొలవండి. ఆన్‌లైన్‌లో అయితే గిన్నె అమర్చిన తరువాతి ఎత్తు ఎంతో రాసి ఉంటేనే కొనండి.

మా ఇంట్లో రాట్‌వైలర్, పగ్ రెండూ ఉన్నాయి. రెండు గిన్నెల స్టాండు ఒకటి తీసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. ఒక స్టాండు రెండింటికీ సరిపడేలా ఉండటం అసాధ్యం. రెండు కుక్కలను మూతులు ఆనేంత దగ్గరగా నిలబెట్టి తినిపిస్తే పోట్లాటకు దారి వేసినట్టే. పక్కదాని గిన్నె మీద కన్నేసిన కుక్క తన తిండిని నమలకుండా మింగేస్తుంది. వేర్వేరు మూలల్లో, వీలైతే వేర్వేరు గదుల్లో విడిగా పెట్టాలి. రెండు గిన్నెల స్టాండు ఇప్పటికే కొని ఉంటే ఒక గిన్నెలో తిండి, మరో గిన్నెలో నీళ్లు పోసి ఒక కుక్కకే వాడుకోవచ్చు.

మాది డాక్స్‌హండ్. పొట్టి కాళ్లు కదా, దానికీ స్టాండు కావాలా?

అక్కరలేదు. దాని నోరు ఎటూ నేలకు దగ్గరలోనే ఉంటుంది. డాక్స్‌హండ్‌కు వెన్నెముక డిస్కుల బాధ ఎక్కువ కనుక, అలాంటి బాధ బయటపడినప్పుడు గిన్నె కింద ఒక చెక్క పలక మందం, అంటే మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తు చాలు. మంచాలూ సోఫాలూ ఎక్కి దూకకుండా చూడటం దానికి గిన్నె ఎత్తుకన్నా ఎన్నో రెట్లు ముఖ్యం.

## దుకాణంలో ఎంచుకునేటప్పుడు

గిన్నె స్టీలుదా, ప్లాస్టిక్‌దా, పింగాణీదా? ఇంట్లో ఉన్న ఇత్తడి గిన్నె వాడొచ్చా?

స్టీలు గిన్నెకు సాటి లేదు. పగలదు, గీతలు తక్కువ, మరుగునీళ్లతో కడిగినా చెక్కు చెదరదు. బేగంబజార్ పాత్రల దుకాణాల్లో కుక్కల కోసమని ప్రత్యేకంగా అడగకుండా అంచు వెడల్పున్న మందపాటి గిన్నె అడిగితే, అదే సరుకు పెంపుడు జంతువుల దుకాణం కన్నా చవకగా దొరికే అవకాశం ఉంది.

304 రకం స్టీలు తుప్పును బాగా తట్టుకుంటుంది. అయస్కాంతం అంటకపోతే అది మంచి స్టీలని కొందరు దుకాణదారులు పెట్టి చూపిస్తారు. ఆ పరీక్షను పూర్తిగా నమ్మలేం. వంటపాత్రల్లో విరివిగా వాడే, తుప్పును తక్కువగా తట్టుకునే 202 రకం స్టీలుకు కూడా అయస్కాంతం అంటదు. మంచి 304 గిన్నెకు సైతం వంచిన అంచు దగ్గర కొద్దిగా అంటవచ్చు. గిన్నె మీద ముద్రించిన గుర్తు, చేతిలో తెలిసే బరువు, అంచు నునుపు చూసి కొనాలి.

ప్లాస్టిక్ గిన్నెను కుక్క కొరుకుతుంది. ఆ గీతల్లో ఇరుక్కున్న జిడ్డు, సూక్ష్మజీవులు ఎంత తోమినా పోవు. కొన్ని కుక్కలకు గడ్డం మీద కురుపుల్లాంటివి రావడానికి కూడా ప్లాస్టిక్ గిన్నె కారణమవుతుంది. పింగాణీ గిన్నె పైపూతలో సీసం లేనిదై, పెచ్చులూడకుండా ఉంటే మంచిదే. బరువుగా ఉండి కదలదు. ఇత్తడి, రాగి గిన్నెల్లో మాత్రం పెట్టవద్దు. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలో పెరుగన్నం కలిపితే పులుపుకు చిలుము పుట్టి లోహం తిండిలో కలుస్తుంది. మనం తినని పాత్రలో దానికి మాత్రం ఎందుకు పెట్టాలి?

స్టాండు చెక్కది మంచిదా, ఇనుపదా?

నీళ్ల గిన్నె ఉండేచోట రంపపు పొట్టును నొక్కి చేసిన బోర్డులు (పార్టికిల్ బోర్డు) పనికిరావు. చొంగా నీళ్లూ పడి ఒక్క వానాకాలానికే ఉబ్బి పొరలూడతాయి. టేకు గానీ, వార్నిష్ వేసిన గట్టి చెక్క గానీ నిలుస్తుంది. ఇనుప స్టాండుకు పౌడర్ కోటింగ్ ఉండాలి; వెల్డింగ్ అతుకుల దగ్గర తడి చేరి తుప్పు మొదలవుతుంది కనుక కొనేటప్పుడు అక్కడే వేలితో తడిమి చూడండి. చెక్కను కొరికే అలవాటున్న కుక్కకు ఇనుపదే తీసుకోవాలి.

మా ఇంట్లో గ్రానైట్ గచ్చు. స్టాండు జారుతూ పోతోంది. ఏం చేయాలి?

ఈ కష్టం నాకూ ఎదురైంది. మొదట కొన్న స్టాండు తేలికది. మా ల్యాబ్ తింటూ ముందుకు నెడుతుంటే అది హాలు మధ్య నుంచి బయలుదేరి బాల్కనీ తలుపు దాకా ప్రయాణం చేసేది. కుక్క దాని వెంట నడుస్తూ తినేది. చూడటానికి నవ్వొచ్చింది గానీ, కీళ్ల నొప్పులతో ఉన్న కుక్కను తిండి పేరిట నడిపించినట్టయింది. అమ్మినవారిని అడిగితే గోడకు ఆనించి పెట్టుకోమన్నారు. గోడకు ఆనిస్తే ముందుకు వెళ్లడం ఆగింది, పక్కకు తిరగడం మొదలైంది.

చివరకు చేతికర్రల అడుగున తొడిగే రబ్బరు బుష్‌లు తెచ్చి నాలుగు కాళ్లకూ తొడిగాక స్టాండు నిలిచింది. కింద రబ్బరు చాప కూడా పరిస్తే స్టాండుతో పాటు కుక్క కాళ్లు కూడా జారకుండా ఉంటాయి. చాప స్టాండు కిందికే పరిమితం కాకుండా కుక్క నాలుగు కాళ్లూ ఆనేంత పొడవుండాలి. చాలామంది కొనే చిన్న చాప మీద ముందుకాళ్లు మాత్రమే పడతాయి, నడుము బలం తగ్గిన కుక్కకు జారేవి వెనుకకాళ్లు.

గిన్నె లోతు, వెడల్పు ఎలా ఉండాలి?

ముఖాన్ని బట్టి ఉండాలి. పగ్, షీ జూ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న పళ్లెంలాంటి గిన్నె కావాలి. కొద్దిగా ముందుకు వాలి ఉంటే మరీ మంచిది. కాకర్ స్పానియల్ వంటి వేలాడే చెవుల కుక్కలకు మూతి సన్నగా ఉండే లోతైన గిన్నె ఇస్తే చెవులు బయటే ఉండి తడవవు. తడిసిన చెవులకు వానాకాలంలో ఫంగస్ పట్టడం అనుభవించినవారికి ఈ చిన్న ఏర్పాటు విలువ తెలుస్తుంది.

వడ్రంగి చేత చేయించుకోవచ్చా?

నిస్సందేహంగా. కొలతకు సరిగ్గా సరిపోయేది కావాలంటే అదే దారి. ముందు గిన్నె కొని, ఆ గిన్నెనే వడ్రంగి చేతికి ఇవ్వాలి. రంధ్రం గిన్నె అంచు కింద పట్టేంత వెడల్పుండాలి. మరీ బిగుతుగా ఉంటే కడగడానికి గిన్నె ఊడిరాదు. పైభాగం కన్నా కాళ్ల అడుగుభాగం వెడల్పుగా ఉంటే బోర్లా పడదు. కాళ్లలో రంధ్రాలు వేయించి బోల్టులతో ఎత్తు మార్చుకునేలా చేయిస్తే కుక్క వయసును బట్టి సవరించుకోవచ్చు. వార్నిష్ వాసన పూర్తిగా పోయేవరకు, కనీసం ఒక వారం ఎండనిచ్చి ఆ తరువాతే వాడాలి.

మా బీగిల్ రెండు నిమిషాల్లో గిన్నె ఖాళీ చేస్తుంది. ఎత్తు గిన్నె పెడితే నెమ్మదిస్తుందా?

నెమ్మదించదు, అందుబాటులోకి వచ్చినందుకు ఇంకా వేగం పెరిగినా ఆశ్చర్యం లేదు. ఆత్రంగా తినే కుక్కకు కావలసింది లోపల అడ్డుగట్లు ఉన్న స్లో ఫీడర్ గిన్నె. అది లేకపోతే డ్రై ఫుడ్‌ను పెద్ద పళ్లెంలో పలచగా పరచడమో, మఫిన్ ట్రే గుంతల్లో కొద్దికొద్దిగా వేయడమో చేయవచ్చు. గిన్నె మధ్యలో కుక్క మింగలేనంత పెద్ద నున్నటి రాయి పెట్టి, చుట్టూ తిండి వేసేవారూ ఉన్నారు. రాయిని కొరికే కుక్క అయితే పళ్లు విరుగుతాయి కనుక ఆ పద్ధతి అన్నిటికీ తగదు.

## ఇంట్లో వాడటం మొదలుపెట్టాక

కొత్త స్టాండు దగ్గరికి రావడానికే భయపడుతోంది. ఎలా అలవాటు చేయాలి?

ఒకేసారి పూర్తి ఎత్తులో పెట్టకండి. మొదటి రెండు రోజులు ఖాళీ స్టాండును పాత గిన్నె పక్కన ఊరికే ఉంచండి. ఆ తరువాత పాత గిన్నెను ఒక చెక్క పలక మీద, మరి రెండు రోజులకు రెండు పలకల మీద పెడుతూ వారం పది రోజుల్లో అసలు ఎత్తుకు తీసుకురండి. స్టీలు గిన్నె ఇనుప చట్రానికి తగిలి చేసే టంగుమనే చప్పుడు చాలా కుక్కలను బెదరగొడుతుంది. రంధ్రం అంచుకు పలుచని రబ్బరు పట్టీ అతికిస్తే ఆ చప్పుడు పోతుంది.

చీమలు పట్టేస్తున్నాయి. మందు చల్లొచ్చా?

గిన్నె దగ్గర చీమల మందు, చీమల సుద్ద వాడకూడదు. కుక్క నాలుక తగలని చోటంటూ ఉండదు. పూర్వం పాలూ పెరుగూ పెట్టే అలమర కాళ్ల కింద నీళ్ల పళ్లాలు ఉంచినట్టే, స్టాండు కాళ్ల కింద చిన్న స్టీలు మూతలు పెట్టి నీళ్లు పోస్తే చీమలు దాటలేవు. ఆరోగ్యంగా ఉన్న కుక్క విషయంలో, నేల మీది గిన్నెతో పోలిస్తే స్టాండుకు ఉన్న నికరమైన సౌలభ్యం నా దృష్టిలో ఇదొక్కటే. ఆ నీళ్లను రోజూ మార్చాలి, లేకపోతే దోమలు చేరతాయి. స్టాండు గోడకు తగిలితే చీమలు గోడ మీదుగా వచ్చేస్తాయి.

గిన్నె ఎన్నాళ్లకు ఒకసారి కడగాలి?

తిండి గిన్నె ప్రతిపూటా, నీళ్ల గిన్నె రోజూ. నాకి శుభ్రం చేసిన గిన్నె శుభ్రమైనది కాదు. లోపల చేయి పెడితే తగిలే జారుడు పొర సూక్ష్మజీవులు కట్టుకున్న గూడు. అమెరికాలో ఎన్.ఎస్.ఎఫ్. అనే సంస్థ 2011లో ఇళ్లల్లో జరిపిన పరిశీలనలో అత్యధికంగా సూక్ష్మజీవులున్న చోట్లలో పెంపుడు జంతువుల గిన్నెది నాలుగో స్థానం. సబ్బుతో తోమి, నీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టాలి. దానికి వేరే పీచు ఉంచుకోండి.

మన నగరంలో బోరు నీళ్లు వాడే ఇళ్లల్లో గిన్నెకు తెల్లని చారలు కడతాయి. అది నీటిలోని సున్నం. చింతపండు గానీ నిమ్మచెక్క గానీ రుద్ది, కాసేపు ఆగి కడిగితే పోతుంది. స్టాండు రంధ్రపు అంచు కింది వైపు కూడా వారానికి ఒకసారి తుడవండి. పైనుంచి కనిపించదు గానీ చొంగంతా అక్కడే పేరుకుంటుంది.

నీళ్ల గిన్నె కూడా ఎత్తులోనే పెట్టాలా?

మెడ నొప్పి ఉన్న కుక్కకైతే పెట్టాలి. తిండి కన్నా నీళ్ల కోసమే అది ఎక్కువసార్లు వంగుతుంది. కిలో బరువుకు రోజుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు అవసరం కనుక 30 కిలోల కుక్కకు లీటరున్నర నుంచి 1.8 లీటర్ల దాకా కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఎండలకు ఇది ఇంకా పెరుగుతుంది. వేసవిలో బాల్కనీలో స్టీలు గిన్నె పెడితే నీళ్లు కాగిపోతాయి. నీడలో మట్టి మూకుడు పెట్టడం నయం. స్టాండు మీది గిన్నెతో పాటు నేల మీద కూడా ఒకటి ఉంచి, కుక్క దేన్ని ఎంచుకుంటుందో గమనించండి. దాని మెడ ఎలా ఉందో డాక్టరుకు చెప్పడానికి ఆ సమాచారం పనికొస్తుంది.

తిన్న కాసేపటికే ముద్ద ముద్దగా బయటికి వచ్చేస్తోంది. గిన్నె ఎత్తు పెంచితే తగ్గుతుందా?

ముందు డాక్టరుకు చూపించాలి. పొట్ట బిగపట్టి, ఓకరించి కక్కితే అది వాంతి. ఏ ప్రయాసా లేకుండా, అరగని తిండి నోట్లోంచి జారిపడితే అది వేరు. అన్నవాహిక సాగి కండరాల బలం కోల్పోయే మెగా ఈసోఫేగస్ అనే జబ్బులో ఇలా జరుగుతుంది. ఆ తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

ఈ జబ్బు ఉన్న కుక్కకు మామూలు ఎత్తు గిన్నె చాలదు. ముందుకాళ్లు కూడా పైకి లేచి, వెన్ను దాదాపు నిలువుగా ఉన్న స్థితిలో తినిపించి, ఆ తరువాత కూడా 15 నుంచి 30 నిమిషాలు అలాగే ఉంచాలి. అందుకోసం బెయిలీ కుర్చీ అనే ప్రత్యేకమైన కుర్చీ వాడతారు. కుక్క ఒడ్డూ పొడుగూ కొలిచి చేయవలసిన వస్తువు కనుక వడ్రంగి చేత చేయించుకోవడమే సులువు. తిండి పలచగా ఉండాలా ముద్దగా ఉండాలా అన్నది కుక్కను బట్టి డాక్టరు నిర్ణయిస్తారు.

## వయసు మళ్లినప్పుడు

మా కుక్క ఈమధ్య పడుకుని తింటోంది. ముసలితనమేనా, స్టాండు పెడితే చాలా?

పడుకుని తినడం, తింటూ మధ్యలో ఆగి ఒళ్లు సర్దుకోవడం, గిన్నె దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్లడం నొప్పికి గుర్తులు కావచ్చు. స్టాండు పెడితే తినడం తేలికవుతుంది గానీ నొప్పికి కారణం అలాగే ఉంటుంది. పంటి నొప్పి ఉన్నా కుక్క ఇలాగే ప్రవర్తిస్తుంది, దానికి స్టాండు ఏ విధంగానూ ఉపయోగపడదు. ముందు పరీక్ష చేయించాలి. ఇంట్లో ఉన్న మన నొప్పి మాత్రలు ఇవ్వకూడదు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

మా ల్యాబ్‌కు పదకొండేళ్లు దాటాక మోచేతి కీళ్లు అరిగాయని ఎక్స్‌రేలో తేలింది. మందులు, బరువు తగ్గించడం, గచ్చు మీద చాపలు, వీటితో పాటే స్టాండు కూడా పెట్టాం. నిజం చెప్పాలంటే అన్నిటికన్నా ఎక్కువ గుణం కనిపించింది బరువు తగ్గాక.

ఇప్పటికే రెండేళ్లుగా ఎత్తు గిన్నె వాడుతున్నాం. ఇప్పుడు తీసేయాలా?

కుక్క చిన్నదో మధ్యరకందో అయి, హాయిగా తింటుంటే కంగారుపడనక్కరలేదు. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్క అయి, స్టాండు పెట్టడానికి వైద్య కారణం ఏదీ లేకపోతే మాత్రం వారం పది రోజుల్లో మెల్లగా నేలకు దించడం మంచిది. కీళ్ల నొప్పులూ, లోతైన ఛాతీ రెండూ ఉన్న కుక్క విషయంలో ఒకవైపు నొప్పి, మరోవైపు జీడీవీ ముప్పు తూచి చూడవలసి వస్తుంది. ఆ తూకం డాక్టరు వేయాలి. అలాంటి కుక్కలకు కడుపును పొట్ట లోపలి గోడకు కుట్టి మెలిపడకుండా చేసే గాస్ట్రోపెక్సీ అనే ఆపరేషన్ గురించి కూడా అప్పుడే అడగవచ్చు.

పాత స్టాండు ఎవరికైనా ఇవ్వాలనుకుంటున్నాం. ఇచ్చేముందు ఏం చేయాలి?

ఇనుపదీ స్టీలుదీ అయితే ముందు సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి, 30 వంతుల నీటికి ఒక వంతు బ్లీచ్ ద్రావణం కలిపి, ఆ నీటిలో పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి ఇవ్వవచ్చు. మీ ఇంట్లో కుక్కపిల్లకు ఎప్పుడైనా పార్వో సోకి ఉంటే, ఆ వైరస్ వస్తువుల మీద నెలల తరబడి బతుకుతుంది కనుక, చెక్క స్టాండును టీకాలు పూర్తికాని పిల్లలున్న ఇంటికి ఇవ్వకండి. చెక్క పగుళ్లలోకి బ్లీచ్ నీళ్లు సరిగా చేరవు. అలాంటి స్టాండు మీద మొక్కల కుండీ పెట్టుకోండి. మా మొదటి స్టాండు మీద ఇప్పుడు కరివేపాకు మొక్క ఉంది.